ఫ్యాను చప్పుడు పట్టినవాడు

మా నాన్న దగ్గర ఇద్దరం మెకానిక్కు పని నేర్చుకున్నాం. ఒకణ్ణి నేను, కొడుకుని. రెండోవాడు మా వీధివాడే, నా ఈడువాడే, తండ్రి లేనివాడు. తిరువూరులోని మా షెడ్డుకి ఏ బండి వచ్చినా నాన్న మా ఇద్దరినీ బానెట్ దగ్గర నిలబెట్టి, "ఏంటా చప్పుడు?" అని అడిగేవాడు. నేను నోరు తెరిచేలోపే వాడు చెప్పేసేవాడు.

"ఆడికి చెవుందిరా. నీకు చేతులున్నాయంతే," అనేవాడు నాన్న, నలుగురూ వింటుండగానే.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. వాడు ఎ.కొండూరులో సొంత షెడ్డు పెట్టుకుని చాలా ఏళ్లయింది. నాన్న మోకాళ్లు అరిగి పని మానేసినా, పొద్దున్నే వచ్చి షెడ్డు ముందు కుర్చీలో కూర్చుంటాడు. దారినపోయేవాళ్లతో మాట్లాడుతూ రోజుకొకసారైనా వాడి పేరు ఎత్తుతాడు. ఆ పేరు వినపడగానే నా చేతిలో స్పానరు కాస్త గట్టిగా బిగుస్తుంది.

మొన్నటి మామిడి సీజన్లో రెడ్డిగూడెం నుంచి ఒక తోట రైతు తన పాత పికప్పు తెచ్చాడు. ఇంజను ముందుభాగంలో గరగరమని ఒకటే మోత అన్నాడు. నేను బెల్టు తీసేసి ఒక్క క్షణం స్టార్ట్ చేశాను. చప్పుడు లేదు. అంటే రేడియేటర్ ఫ్యాను వైపే ఏదో ఉంది. ఫ్యాను రెక్క పట్టుకుని ఊపితే వాటర్ పంపు దగ్గర కొంచెం ఆట, అంటే వదులు, కనిపించింది. పంపు మార్చాను, బెల్టు కొత్తది వేశాను. షెడ్డులో ఎంత రేజ్ చేసినా బండి నిశ్శబ్దంగా ఉంది. నాన్న వింటున్నాడా లేదా అని ఓరకంట చూశాను. పేపరు మడిచి పక్కన పెట్టాడు, అంతే.

మూడోరోజు పికప్పు మామిడికాయల ట్రేలతో సహా తిరిగొచ్చింది.

"అదే మోతండీ. ఏం మారలేదు," అన్నాడు రైతు.

నేను మళ్లీ రేజ్ చేశాను. మళ్లీ ఏమీ లేదు. నాన్న కుర్చీలోంచే ఫోను తీశాడు. "ఒరేయ్, ఓసారి రారా. ఈడివల్ల కావట్లేదు," అన్నాడు. రైతు నా మొహం చూడకుండా వేరే వైపు తిరిగాడు.

గంటలో వాడు బస్సు దిగాడు. నాన్న కాళ్లకి దణ్ణం పెట్టాడు. నాన్న వాడి భుజం పట్టుకుని, "చిక్కిపోయావేంట్రా," అన్నాడు. ఆ చెయ్యి నా భుజం మీద పడి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.

వాడు బానెట్ కూడా ఎత్తలేదు. రైతుని ఒకటే అడిగాడు. "ఎప్పుడొస్తుందండీ?"

"లోడేసుకుని మిట్ట ఎక్కేటప్పుడు బాబూ."

ఆ మాట నేను అడగనేలేదు. వాడు నాతో, "పద, ఓ రౌండు కొడదాం," అన్నాడు. లోడుతోనే రెడ్డిగూడెం రోడ్డు పట్టాం. మిట్ట దగ్గర సెకండ్ గేరు వెయ్యగానే గరగర మొదలైంది. వాడు నాచేత బండి ఆపించి, బానెట్ ఎత్తి, బ్రేకు నొక్కిపట్టి క్లచ్ మెల్లగా వదలమన్నాడు. తర్వాత నన్ను పిలిచి, సీట్లో తను కూర్చుని అదే చేసి చూపించాడు. ఇంజను ఒకపక్క పైకి లేచింది. దాంతోపాటు ఫ్యాను కూడా లేచి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవరుని ఒరుసుకుంది. ఇంజను కింద ఉండే ఫౌండేషన్ రబ్బరు దిమ్మ ఊడిపోయింది. ఖాళీగా రేజ్ చేస్తే ఇంజను అంత లేవదు, అందుకే బెల్టు ఉన్నా తీసినా షెడ్డులో నాకు ఆ మోత దొరకలేదు.

వాడు చేతులు తుడుచుకుని, "నన్ను బస్టాండులో దించెయ్. నువ్వెళ్లి చెప్పు," అన్నాడు.

"ఏమని?"

"రబ్బరు పోయిందని. నేను పట్టానని చెప్పాల్సిన పని లేదు."

నేను వద్దనలేదు. షెడ్డుకొచ్చి నాన్న ముందు నిలబడి, "ఫౌండేషన్ రబ్బరు పోయింది. నేనే పట్టాను. ఆడికి పనుందని వెళ్లిపోయాడు," అన్నాను. నాన్న నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "ఇప్పుడయ్యావురా మెకానిక్కువి," అన్నాడు. రైతుతో కూడా అన్నాడు. ఆ మాట కోసం పాతికేళ్లు చూశాను. తీరా వచ్చాక అది నాది కాదు. వాడి చెవి మీదున్న కుళ్లు చాలదన్నట్టు, వాడి మంచితనం మీద కూడా కుళ్లు మొదలైంది.

ఆదివారం చర్చి అవగానే ఎ.కొండూరు వెళ్లాను. థాంక్స్ చెబుదామని వెళ్లి, "నా మీద జాలి పడమని నిన్నెవడు అడిగాడ్రా?" అన్నాను.

వాడికి కోపం రాలేదు. "జాలి కాదురా. ఆయన నన్ను మెచ్చుకుంటూ నిన్ను తిడుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. సాయంత్రం అయ్యేసరికి మీరిద్దరూ ఒకే స్కూటరు మీద ఇంటికెళ్లేవాళ్లు. నేను నడిచిపోయేవాణ్ణి. ఆ తిట్లు తినైనా సరే, ఆ స్కూటరెక్కితే చాలనిపించేది నాకు," అన్నాడు.

టీ తాగి వచ్చేశాను.

ఆ సాయంత్రం నాన్న టిఫిన్ తింటుంటే అసలు సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన ఇడ్లీ ముక్క పళ్లెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

"రేపు నన్ను ఆడి షెడ్డుకి తీసుకెళ్లు," అన్నాడు.

తీసుకెళ్లాను. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏవేవో పాత బండ్ల సంగతులు చెప్పుకుని పడీపడీ నవ్వారు. నాన్న అంతలా నవ్వడం నేను మా ఇంట్లో చూడలేదు. గుమ్మంలో నిలబడి ఆయిల్ డబ్బాల మీది అక్షరాలు చదువుతూ ఉండిపోయాను. కుళ్లు పోనేలేదు. అయినా వెళ్దాం పద అని మాత్రం అనలేకపోయాను.