దారి తాగేసిన మడుగు

మా ఇంట్లో నీళ్ల పొదుపు గురించి అందరికంటే గట్టిగా మాట్లాడేది మా బావగారు. మారేడ్‌పల్లిలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా, నేను అంట్లు తోముతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, "కుళాయి కట్టెయ్యమ్మా, కట్టెయ్యి" అంటారు. "గిన్నెలు మీరు నాకేస్తారా బావగారూ?" అని నేనూ ఊరుకోను.

యాప్రాల్ దాటాక వాగు ఒడ్డున ఆయనకు పొలం ఉంది. పాడి పశువులకు పచ్చగడ్డి పెంచుతారు. ఆదివారం చర్చి కాగానే క్యారియర్ కట్టుకుని అక్కడికి వెళ్లడం మాకు అలవాటు.

ఎండాకాలం ఆ వాగు పారదు. బండల మధ్య ఒక్క మడుగు మిగులుతుంది. వాగులోని చేపలన్నీ మళ్లీ వానలు పడేదాకా అందులోనే తలదాచుకోవాలి. ఆ వేసవిలో అక్కడ ఒక కొర్రమీను పిల్లల్ని పెట్టింది. ఎర్రటి పిల్లలు ముద్దగా తిరుగుతుంటే తల్లి కింద కాపలా కాసేది. నీళ్లలో వేలు పెడితే చాలు, దూసుకొచ్చేది.

"పులుసుకి భలే ఉంటుంది" అన్నారు మా ఆయన.

"ముందు నన్ను పెట్టండి పులుసు" అన్నాను. ఆ తల్లి మీద చెయ్యి వేస్తే నేను ఊరుకునేదాన్ని కాదు.

మరుసటి ఆదివారం పొలం దారంతా బురద. కారు చక్రాలు జారుతున్నాయి. రాత్రి ఇక్కడ వాన పడిందని సంబరపడుతూ దిగి, నేరుగా మడుగు దగ్గరికి నడిచాను.

మడుగు లేదు.

అడుగున బురద, ఆ బురదలో కొట్టుకుంటున్న చేపలు. కొన్ని అప్పటికే తెల్లగా వెల్లకిలా పడి ఉన్నాయి. గడ్డికి నీళ్లు తోడే మోటారు పైపు నీళ్లు దొరక్క గాలి పీలుస్తూ గరగరలాడుతోంది. వాన కాదు, మేం తొక్కుకుంటూ వచ్చిన బురదే ఆ మడుగు. గడ్డిమడి నిండి, గట్టు పొర్లి, దారి పాలయింది.

పరుగెత్తి మోటారు ఆపాను. పొలం చూసుకునే ఆవిడ గుడిసెలోంచి వచ్చింది.

"గట్టు పొర్లుతుంటే ఆపలేదేం?"

"ఆటో ఉన్నది కదమ్మా. కరెంటొస్తే దానంతట అదే షురూ అయితది. జెర సుత ముట్టొద్దన్నడు సారు."

కరెంటు వంతులవారీగా, అదీ అర్ధరాత్రి వచ్చే రోజుల్లో పెట్టించిన ఆటో స్టార్టర్ అది. చీకట్లో పాముల మధ్య లేచి వెళ్లే బాధ తప్పుతుందని బావగారు పెట్టించారు. ఇప్పుడు కరెంటు పోవడం లేదు. కాబట్టి మోటారూ ఆగడం లేదు. దాన్ని తీసేయాలని ఎవరికీ తట్టలేదు.

బావగారు చర్చి తెల్లబట్టల్లోనే వచ్చారు.

"అరవకమ్మా, గడ్డికి నీళ్లు పెట్టొద్దా?"

"గడ్డికా? దారికి పెట్టారు. ఏం మొలుస్తుంది బావగారూ, తారు రోడ్డా?"

"కరెంటు పోదని నేను కలగన్నానా?" అంటూనే మడుగులోకి తొంగి చూశారు. పార తీసుకుని, తెల్ల ప్యాంటుతోనే మడిలోకి దిగారు.

"సారూ, మీరాగుండ్రి, గండి నేను కొడ్త!" అని ఆవిడ అరుస్తున్నా వినకుండా వాగు వైపు గట్టు తెంపారు. మడిలో నిలిచిన నీళ్లు ఎర్రగా వెనక్కి మళ్లాయి. తిరిగొచ్చి స్టార్టర్ ఆటో వైరు పీకేశారు.

క్యారియర్లో ఉన్నది మటనే. అయినా ఎవరం మూత తియ్యలేదు.

సాయంత్రానికి మడుగులో మోకాలి లోతు నీళ్లు చేరాయి. గేదె డెక్క గుంటలో చిక్కి బతికిన పిల్లలు కాసిన్ని ఆ నీళ్లలో కలిశాయి. పోయిన ఆదివారం నాటి ముద్ద కాదు, పలచగా, చెదిరి. వాటి కింద తల్లి నల్లటి వీపు కనిపించింది. బతికే ఉంటుందన్న ఆశతో వంగి నీళ్లలో వేలు పెట్టాను. చాలాసేపు ఉంచాను.

అది దూసుకు రాలేదు.