మా ఆయన తెచ్చిన సాధుపాము

పందొమ్మిదివందల యాభైల్లో, పెళ్లయిన కొత్తలో, చోడవరంలో మా కాపురం. బొద్దింకని చూస్తే మంచమెక్కే మా ఆయనకి పాముని పెంచాలని సరదా పుట్టింది. కరవని జాతి ఏదని ఊరంతా వాకబు చేసి, చివరికి చెరుకుతోటలో దొరికిన, తోక కూడా తలలాగే ఉండే రెండుతలల పాముని బుట్టలో తెచ్చేరు.

"నీకంటే నెమ్మదే ఇది. బుస్సనైనా అనదు," అన్నారు.

ఆదివారం స్నేహితుల్ని పిలిచి, దాన్ని మెడలో వేసుకుని ధైర్యం గురించి ఉపన్యాసం మొదలెట్టేరు. పాము మెల్లగా చొక్కాలోకి దూరింది.

"ఓలమ్మో! లాగీయే!" అని ఆయన గెంతులు. స్నేహితులు వీధిలోకి పరుగు. నేను భయపడుతూనే, ఏది తలో ఏది తోకో తెలీకుండా, చేతికందిన చివర పట్టి లాగి బుట్టలో పడేసేను.

ఊపిరి తిరగ్గానే ఆయన గుమ్మంలోకెళ్లి, "సూసేరా, మా ఆవిడికి ఎలా నేర్పేనో!" అన్నారు. అందరూ ఆయనకే చప్పట్లు కొట్టేరు.

పాములంటే భయం నాకిప్పటికీ ఉంది. ఆయనంటే ఉన్న భయం మాత్రం ఆ పూటతో పోయింది.