విస్తరాకు పుల్లలు

మా వంటగదిలో నిమ్మతొక్క నలిగిన వాసన వస్తే నేను తిన్నగా పోయి సింకుకు చెవి ఒగ్గుతాను. సింకు కింద బిగించిన గ్రైండర్ మిగిలిన తిండిని నూరి నీళ్లతో పాటు కాలువలోకి పంపుతుంది. దాని గొంతు కాస్త మారినా నాకు అనుమానం, వెంటనే మా ఆవిడ వైపు చూస్తాను. "నా మొకం ఏం జూస్తావ్? మింగింది అది" అంటుందామె. ఈ అనుమానం కాశీమన్న నాకు పెట్టిపోయిన ఆస్తి.

కాశీమన్నది నంద్యాలలో మోటార్లు బాగుచేసే షాపు. నా ఫ్యాన్సీ కొట్టు మూతపడ్డాక, నలభై దాటిన వయసులో ఆయన దగ్గర పనికి కుదిరాను. ఆయన దేన్నీ నమ్మేవాడు కాదు. టీలో చక్కెర వేశానంటే చెంచాతో అడుగు దేవి చూసేవాడు. బెలుం గుహల్లో దారి తప్పి మూడు రోజులకు తాడిపత్రిలో తేలానని నేను చెబితే, "టికెట్ పెట్టుకున్యావా?" అని మాత్రం అడిగాడు.

ఆళ్లగడ్డలో ఒక శెట్టిగారింట్లో మేం బిగించిన గ్రైండర్ పది రోజులకే మూలగడం మొదలుపెట్టింది, తిరగడం మానేసింది. మేం పోయాం. కాశీమన్న బయట స్కూటర్ మీది సామాను విప్పుతుంటే శెట్టిగారు నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు. "ఎవురన్నా కావాలనే చెడగొట్టింటారా అప్పా?"

ఆయన కళ్లు పెరట్లో అంట్లు తోముతున్న సుంకమ్మ మీదే ఉన్నాయి. ఆ ఇంటి గంజి, తొక్కలు, మిగుళ్లు ఆమె రోజూ కుడితి బకెట్లో తన గేదెకు తీసుకుపోయేది. మిషను వచ్చాక బకెట్ సగం కూడా నిండటం లేదు.

నా నోరు ఊరుకుంటుందా? "వెలుగోడులో ఇట్లే అయింది సామీ. పనామె కొబ్బరిపీచు తినిపించి మిషన్ను సంపింది. కండ్లారా జూసినా" అన్నాను. వెలుగోడులో నేను చూసింది రిజర్వాయరు ఒక్కటే.

శెట్టిగారు, గుమ్మంలో నిలబడి వింటున్న ఆయన భార్య నవ్వుతారనుకున్నాను. ఆమె మాత్రం సుంకమ్మను పిలిచి, "రేపట్నించి నువ్వు రావద్దు" అంది.

"ఏం జేసినానమ్మా?"

"నీకే తెల్సు."

మా మాటలన్నీ గడప దగ్గరే విన్న కాశీమన్న లోపలికొచ్చి అందరి మొహాలూ ఒకసారి చూశాడు. కరెంటు తీసేసి, గ్రైండర్ అడుగున ఉన్న రంధ్రంలో తాళంచెవి లాంటిది పెట్టి మోటారును అటూ ఇటూ కదిలించాడు. పట్టకారుతో నల్లబడ్డ ఆకుముద్ద తీశాడు. దాని వెంట సన్నటి పుల్లలు ఒకటొకటే వచ్చాయి.

"పీచు గాదు సెట్టిగారూ, విస్తరాకు కుట్టిన పుల్లలు. సుంకమ్మా, మీ ఎనుము విస్తరాకు తింటాదా?"

"ఆకు తింటాది. పుల్లలు గొంతులో గుచ్చుకుంటాయని నేనే ఏరి పారేస్తానన్నా."

శెట్టిగారు ఫ్యాను వైపు చూడసాగారు. లోపలి గదిలోంచి ఆయన తల్లి అరిచింది: "మొన్న వ్రతం నాడు సుట్టాలకు మిషను సూపిస్తానని ఆకు మడిచి తోసింది నువ్వే గదరా!"

కాశీమన్న శెట్టిగారిని వదిలేశాడు. నా వైపు తిరిగాడు. "వెలుగోడులో జూసినావంట. ఎవురింట్లో?"

ఇప్పుడు అందరి అనుమానం నా మీద.

"యాడా జూళ్లేదన్నా."

"నాకేల జెప్తాండావ్? ఆయమ్మకు జెప్పు."

చెప్పాను. అందరి ముందూ చెప్పాను. శెట్టిగారి భార్య తల దించుకుని, "రేపు పొద్దున్నే రా సుంకమ్మా" అంది. సుంకమ్మ కుడితి బకెట్ నా ముందుకు జరిపింది. "నీ మాటలు గూడా ఈంట్లో ఎయ్యి నాయనా. మా ఎనుము అరిగించుకుంటాది."

ఆ తర్వాత చాలా నెలలు కాశీమన్న నా మాటలన్నీ పరీక్షించాడు. అన్నం తిన్నానంటే క్యారియర్ మూత తీసి చూసేవాడు. కట్టుకథలు మానలేదు గానీ, వాటిలోకి బతికున్న మనిషిని లాగడం మానేశాను.

ఒకరోజు షాపులో మూత విప్పిన పిండిమర మోటారు ముందు కూర్చుని, "ప్లగ్గు పీకినావా?" అని అడిగాడు. పీకినా అన్నాను. ఆయన గోడ మీది ప్లగ్గు వైపు చూడలేదు. చెయ్యి లోపల పెట్టాడు.

కాశీమన్న పోయి రెండేళ్లయింది. నా మాట మీద పెట్టిన ఆ చెయ్యి బరువు మాత్రం నా నాలుక మీద అట్లాగే ఉంది.