మా మేనత్త ఏరిన వాల్వుల జత

నా చిన్నప్పుడు ఓర్వకల్లుకూ డోన్‌కూ నడుమనున్న మా ఊళ్ళో మైకు మోగాలంటే మా మేనత్త రావాల్సిందే. మైకు సెట్టు నిజానికి మా మామది. హారను కట్టడానికి స్తంభం ఎక్కి కిందపడి నడుము విరగ్గొట్టుకున్నాక ఆయన మంచం మీది నుంచి చెప్పేవాడు, అత్త చేసేది. కొన్నాళ్ళకు ఆయన చెప్పడం మానేశాడు, ఆమెకు ఇక చెప్పాల్సిందేమీ మిగల్లేదు. ఆడమనిషి పెళ్ళిపందిట్లో తీగలు పట్టుకుని తిరగడమేమిటని మూతి ముడుచుకున్నవాళ్ళు చాలామందే ఉండేవారు. వాళ్ళ ఇళ్ళ పెళ్ళిళ్ళకూ ఆమే వెళ్ళింది.

ఇప్పుడు పాటలు వినడానికి మళ్ళీ వాల్వుల యాంప్లిఫయర్లు కొనుక్కుంటున్నారట. వాటి గొంతు మెత్తగా ఉంటుందని మా మనవరాలు ఫోన్లో ఏదో చూపించింది. నాకు నవ్వొచ్చింది. మా అత్త చేతిలో అవి మెత్తగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆమె యాంప్లిఫయరు వెనక రెండు పెద్ద గాజు వాల్వులు పక్కపక్కన నిలబడి ఉండేవి. శబ్దాన్ని పెంచి హారన్లకు పంపే బరువంతా ఆ రెంటిదే. ఒకటి నెడితే ఇంకొకటి లాగాలి, అలా వంతులవారీగా పని నడవాలి.

మా ఊళ్ళో ఉగాదికి ఎద్దుల బండలాగుడు పోటీ జరిగేది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జతలు వచ్చేవి. పోటీ పెట్టించేది ఊళ్ళో పెద్ద ఆసామి. ఆ ఏడు ఊరి బయట పేటలో ఉండే కూలి మనిషి ఒకాయన తన ఎద్దులనూ కడతానన్నాడు. పేట నుంచి అంతకుముందు ఎవరూ కట్టింది లేదు. వద్దనడానికి ఆసామికి సాకు దొరకలేదు, కడుపులో మంట మాత్రం ఆరలేదు. అత్త ఎప్పటిలాగే ఒక హారను ఊరివైపూ ఒకటి పేటవైపూ తిప్పి కట్టింది.

ముందురోజు మైకు వేసి చూస్తే వాల్వుల్లో ఒకటి పోయింది. ఆసామి కర్నూలుకు మనిషిని పంపి కొత్త జత తెప్పించాడు. పోటీ రోజు పొద్దున ఆ అట్టపెట్టె పట్టుకుని, మైదానం పక్కనే ఉన్న అత్త ఇంటికి తనే వచ్చాడు. అరుగు మీద కూర్చుని, పేటవైపు హారను దింపేయమని చాలా మామూలుగా చెప్పాడు. ఉన్న శబ్దమంతా ఊరికే రావాలట, అటు పోతే దండగట. పేట ఎద్దులు బండ లాగుతున్న సంగతి వాళ్ళ ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ ఇళ్ళ దగ్గర కూర్చుని వినకూడదన్నదే ఆయన బాధ. అది నాకే అర్థమైంది, మా అత్తకు కాకుండా ఉంటుందా.

"హారన్లు రెండు కట్టినాను, రెండూ పలుకుతాయి. నా మైకు సంగతి నాకిడువన్నా" అంది అత్త.

ఆయన పెట్టె తీసుకుని లేచాడు. "మైకు లేకున్నా బండ కదుల్తాది లేమ్మా" అని వెళ్ళిపోయాడు.

అత్త కొంగు బిగించి, పాత వాల్వులు దాచిన రేకు డబ్బా దించింది. గుడ్డపీలికల్లో చుట్టిన వాల్వులను ఒక్కొక్కటే ఎండకు పట్టి చూసింది. గాజు లోపల, నెత్తిన అద్దంలా మెరిసే పూత ఉంటుంది. అది పాలలా తెల్లబడిందంటే లోపలికి గాలి చేరినట్టే. అలాంటివి పక్కన పారేసింది. మిగిలినవాటిలో ఒకదాన్ని ఏరమని నాకు చెప్పింది. ఒక్కొక్కటే పెట్టి చూసి, అన్నిటికన్నా బాగా వెలిగేదాన్ని ఏరాను. ఏ పిల్లయినా అదే చేస్తుంది. అత్త మారుమాట లేకుండా దాన్ని యాంప్లిఫయరులో పాడవకుండా మిగిలిన వాల్వు పక్కన బిగించి స్విచ్చి వేసింది. కాసేపటికి నేను ఏరినదాని లోపలి రేకు కుంకుమరంగుకు తిరిగింది. హారన్లు బొంగురుగా గురగురమన్నాయి. అత్త ఠక్కున ఆపేసింది.

"కొమ్ములు జూసి ఎద్దును కొంటామా పాపా? వెలుగు జూస్తే ఏమొస్తాది. బరువంతా ఇదొక్కటే గుంజి సస్తాండాది, పక్కది ఊరికే నిలబడుండాది. శక్తి తక్కువైనా ఏంగాదు, రెండూ సమానంగా గుంజల్ల."

ఎద్దుల ఊళ్ళో పుట్టినదాన్ని, ఆ ముక్క నాకు తట్టకపోవడం ఇప్పటికీ వింతే. జత కుదరని కాడి ఎంత దూరం పోతుందో మా ఊళ్ళో పాలు తాగే పిల్లకూ తెలుసు. అత్త మామ వాడే ముల్లు మీటరు తెచ్చి తీగలు తగిలించింది. ఉన్న వాల్వు పెట్టి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసుకుని, తన వక్కాకు సంచిలోంచి సున్నం తీసి మీటరు అద్దం మీద చిన్న బొట్టు పెట్టింది. తర్వాత డబ్బాలోవి ఒక్కొక్కటే ఆ స్థానంలోకి మార్చి చూసింది. ఒకదానికి ముల్లు బొట్టు దాటిపోయేది, ఒకదానికి సగంలోనే కూలబడేది. వాల్వు వేడెక్కేదాకా ఆగాలి, ముల్లు నిలకడయ్యేదాకా ఆగాలి. మైదానంలో అప్పటికే జనం చేరారు, డప్పులు వినిపిస్తున్నాయి. చివరికి గాజు మీది అచ్చు కూడా చెరిగిపోయిన ఒక ముసలి వాల్వు పెడితే ముల్లు వచ్చి సున్నపు బొట్టు కింద నిలబడింది. అత్త దాన్ని చూసి, "రాప్పా, నీకోసరమే ఎదురు జూస్తాండా" అంది.

ఆ జతతో శబ్దం తగ్గిన మాట నిజం. కానీ ఎక్కడా బొంగురు లేదు. రెండు హారన్లలోనూ మాట మాటగా వినబడింది. వినాలనుకునేవాళ్ళు అరుపులాపి వింటారులే అని అత్త తేల్చేసింది. వాళ్ళు అలాగే విన్నారు కూడా.

మైకులో జతల పేర్లు చదివేది ఆసామి బావమరిది. జత మైదానంలోకి రాగానే యజమాని పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పి, చివర గారు తగిలించి పిలవడం మా వైపు పద్ధతి. అందరినీ అలాగే పిలిచాడు. పేట జత వచ్చేసరికి మాత్రం "ఇప్పుడు పేటోని ఎద్దులొస్తాండాయి" అని సరిపెట్టాడు. జనంలో కొందరు నవ్వారు. ఆ మనిషి పెద్దవాళ్ళ ముందు నిలబడే అలవాటుకొద్దీ తువ్వాలు చంకలో ఇరికించుకుని, తల వంచుకుని, ఎద్దుల మెడలు నిమురుతున్నాడు.

మా అత్త యాంప్లిఫయరు దగ్గర నుంచి లేచింది. పరుగెత్తలేదు, కోప్పడలేదు. నడుచుకుంటూ పోయి ఆసామి బావమరిది చేతిలోని మైకు తీసుకుంది. ఎద్దుల దగ్గరున్న ఆ మనిషి పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు పేరు నిదానంగా చెప్పి, గారు అనే మాటను నొక్కి పలికింది. ఊరి హారనూ పలికింది, పేట హారనూ పలికింది. పేటవైపు నుంచి పెద్దగా కేక వినిపించింది. ఆ మనిషి తలెత్తి, చంకలోని తువ్వాలు తీసి తలకు చుట్టుకున్నాడు.

ఆ జత గెలవలేదు. మరుసటేడు నుంచి ఆసామి డోన్ నుంచి వేరే మైకు సెట్టు పిలిపించుకున్నాడు. మా అత్తకు ఊళ్ళో పెద్ద ఇళ్ళ పనులు చాలావరకు పోయాయి. ఇంట్లో ఇబ్బంది అయింది, అది నేను కళ్ళారా చూశాను. ఎందుకొచ్చిన గొడవ అని మా నాయన అడిగితే, తను గొడవేమీ చేయలేదనీ, మనిషిని పేరు పెట్టి పిలిచాననీ అంది. ఆ పిలుపుకు నేను ఆ రోజూ గర్వపడ్డాను, ఈ రోజూ గర్వపడతాను.

నాకిప్పుడు వయసు మీదపడింది, ఆసుపత్రుల్లోనూ ఆఫీసుల్లోనూ వరుసల్లో కూర్చోవడం ఎక్కువైంది. అక్కడ ఎవరినైనా ఏయ్ అనో, ముసలోడా అనో, ఫలానా కాలనీవాళ్ళనో పిలిస్తే నేను ఊరుకోను. పక్కకు వంగి ఆ మనిషి పేరు, తండ్రి పేరు అడిగి తెలుసుకుంటాను. ఆ తర్వాత లేచి నిలబడి, చివర గారు చేర్చి, గది మొత్తానికి వినబడేలా పిలుస్తాను. ఈమెకెందుకు అన్నట్టు చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారు, చూడనీ.