సైటు పేరు చెరపలేదు

మిర్యాలగూడ బస్టాండు వెనక సందులో జాకెట్లు కుట్టే సుమతిది మునగాల. కోదాడలో నాలుగేళ్లు కాపురం చేసింది. మొగుడు ముఖేష్ పడకగదిలో దొంగచాటుగా ఫోను పెట్టి వీడియోలు తీసి, ఒక బూతు సైటుకు అమ్ముకున్నాడు. ఆ సంగతి ఆడబిడ్డ నోట బయటపడింది. సుమతి కేసు పెట్టింది, విడాకులు తీసుకుని మిర్యాలగూడకు మారింది. కానీ వీడియో చావలేదు. ఒకచోట తీసేయిస్తే వేరే పేరుతో మరోచోట మొలిచేది.

ఇటువంటి సైట్ల వ్యాపారం మీద డాక్యుమెంటరీ తీస్తున్న స్వర్ణ హైదరాబాదు నుంచి వెతుక్కుంటూ వచ్చింది.

"మీ ముఖం చూపించం. గొంతు కూడా మారుస్తాం," అంది.

సుమతి రెండు రోజులు ఆలోచించింది. "నా లెక్క ఇంకొకామెకు కాకుంటే సాలు, చెప్త," అని ఒప్పుకుంది. జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూనే మూడు గంటలు చెప్పింది.

సినిమా ఆన్‌లైన్‌లో విడుదలైన నాలుగో రోజు, ఎప్పుడూ వచ్చే విజయ తన జాకెట్ గుడ్డలు వాపసు అడిగింది.

"మా ఆయన వద్దంటుండు," అంది తలెత్తకుండా.

సుమతికి అనుమానం వచ్చి సినిమా పెట్టి చూసింది. ముఖం లేదు, గొంతు తనది కాదు. కానీ రెండు క్షణాలు ఆ సైటు పేజీ కనబడింది. బొమ్మ మసకగా ఉంది. సైటు పేరూ, వీడియో పేరూ మాత్రం స్పష్టంగా ఉన్నాయి. చూసినవాళ్లు ఆ పేరుతో వెతికి అసలు వీడియో పట్టుకున్నారు.

వెంటనే స్వర్ణకు ఫోన్ చేసింది.

"మేడం, నన్ను మసక చేసిన్రు. మరి సైటు పేరెందుకు చెరపలే?"

"నిజమని చూపించడానికి పెట్టాం సుమతిగారూ. అంత దూరం ఆలోచించలేదు."

"నేను ఏడ్సుకుంట చెప్తే నిజమనిపియ్యలేదా?"

స్వర్ణ ఆ సాయంత్రమే ఆ ముక్క తీసేయించింది. అప్పటికే వీడియో ఊరంతా పాకింది. ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు.

వారం తర్వాత స్వర్ణే మళ్లీ ఫోన్ చేసి, సినిమా చూసిన హాలియా నుంచి ఒకామె మాట్లాడాలంటోందని, పేరు కరుణ అని చెప్పింది. సుమతి ఫోన్ పెట్టేసింది. మర్నాడు తనే నంబరు అడిగి తీసుకుని కరుణతో మాట్లాడింది.

"నాదీ గట్లనే అయిందక్కా," అని ఏడ్చింది కరుణ.

"ఫోన్ పగలగొట్టకు. లింకులన్నీ రాసిపెట్టుకో. సోమవారం మిర్యాలగూడ రా, సూర్యాపేట సైబర్ పోలీసుల దగ్గరికి నేను తోడొస్త. నాది గూడ మళ్ల ఫిర్యాదు ఇచ్చేదుంది."

సోమవారం మధ్యాహ్నం దాకా సుమతి బస్టాండులో నిలబడింది. కరుణ రాలేదు, ఫోన్ ఎత్తలేదు. చివరికి తన కొత్త ఫిర్యాదు కాగితం సంచిలో పెట్టుకుని, సూర్యాపేట బస్సెక్కింది.