నేను పుట్టించిన ముసలాయన

ఆ రోజుల్లో, అంటే నిజాం సర్కారు ఇంకా నడుస్తున్న కాలంలో, మా ఇబ్రహీంపట్నంలో తెలుగు రాత అచ్చులో కనిపించడమంటే చిన్న సంగతి కాదు. బడిలో చదువంతా ఉర్దూలోనే. తెలుగు మాత్రం ఎవరి తిప్పలు వాళ్ళు పడి ఇంట్లో నేర్చుకున్నదే. అలాంటి ఊళ్ళో మా అక్క మొగుడు, అంటే మా బావ, తన ఇంటి ముందుగదిలో చిన్న గ్రంథాలయం పెట్టాడు. హైదరాబాదు నుంచి వారపత్రిక వచ్చిన సాయంత్రం ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళం చాప మీద కూర్చుని వినేవాళ్ళం. గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అచ్చులో ఎవరి రాత పడితే ఆ వారం కుర్చీ వాళ్ళది. ఈ నియమం పెట్టినవాడూ మా బావే, నెలకు రెండుసార్లు అందులో కూర్చునేవాడూ మా బావే. (నియమాలు పెట్టేవాళ్ళకు ఆ మాత్రం సౌకర్యం ఉండాలి కదా.)

నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. అక్క ఇంట్లోనే ఉండి, బావ పొలం పనులు చూస్తూ, మిగిలిన పొద్దంతా వ్యాసాలు రాసేవాణ్ణి. పంటల మీద రాశాను, పశువుల మీద రాశాను, ఆడపిల్లల చదువు మీద రాశాను. ఒక్కటీ పడలేదు. బావ ఆ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుంటే నాకు కడుపు మండిపోయేది. మనిషి మంచివాడు కావడం ఇంకా పెద్ద బాధ. "నీది గూడ పడ్తది తియ్‌రా, జర ఓపిక పట్టు" అని వీపు తట్టేవాడు. ఆ తట్టుడుకు నాకు అన్నం సహించేది కాదు. (తినేవాణ్ణిలెండి, మారు వడ్డించుకుని మరీ.)

ఒక వారం బావ మా ఊరి పెద్దచెరువు మీద వ్యాసం రాశాడు. విన్నవాళ్ళంతా ఆహా అన్నారు. కుళ్ళుతో నాకు ఒళ్ళు తెలియలేదు. మర్నాడే పొలం గట్టున కూర్చుని దాన్ని దుమ్మెత్తిపోస్తూ పత్రికకు ఉత్తరం రాశాను. సొంత పేరు పెడితే అక్క గడప తొక్కనివ్వదు, అందుకని కింద 'ఇబ్రహీంపట్నం ముసలివాడు' అని పెట్టాను. 'ఈ చెరువు నీళ్ళు తాగి తాగి పళ్ళూడినవాణ్ణి. వ్యాసం రాసినాయన చెప్పులు కూడా విప్పకుండా కట్ట మీద నిలబడి చెరువు లోతు చెప్పినాడు' అని మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి దాచుకున్న కుళ్ళంతా కక్కేశాను. మూడో వారం అచ్చయింది. ఒక్క ముక్క కూడా కొట్టేయలేదు.

గదిలో అది చదువుతుంటే జనం పొట్ట పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా బావే. "అబ్బ, ఏం రాసిండు! తప్పు నాదే. గీ పెద్దాయన ఎవరో దొరికితే కాళ్ళు మొక్కుత" అన్నాడు. "ఇంకెవరు? చెరువు ముచ్చట్లు గిన్ని తెలిసినోడు మన మున్షీ తాతనే" అన్నారెవరో. తాలూకా కచేరీలో ఉర్దూ రాతకోతలు చూసే మున్షీగా చేసి మానుకున్న పెద్దాయన, ఊరి ముసల్మానుల్లో అందరికంటే వయసు మళ్ళినవాడు. ఆయన్ను పిలుచుకొచ్చారు. "అరే, నాకు తెలుగు రాసుడే రాదు బేటా" అని ఆయన మొత్తుకున్నాడు. "చూసిన్రా ఎంత పెద్ద మనసో! రాసి గూడ రాయలేదంటుండు" అని బావ చేయి పట్టి కుర్చీలో కూర్చోబెట్టి చాయ తాగించాడు. రాసినవాణ్ణి నేను తేలు కుట్టిన దొంగలా చాప మీద కూర్చుని చప్పట్లు కొట్టాను.

అంతవరకు బావ ఒక్కడి మీదే అసూయ. ఆ రోజు నుంచి మున్షీ తాత మీద, అంతకుమించి, అసలు పుట్టనే లేని ఆ ముసలివాడి మీద. ఇంకో నాలుగు ఉత్తరాలు రాశాను. అన్నీ పడ్డాయి. నా సొంత పేరుతో పంపినవి మాత్రం యథాప్రకారం పడలేదు. "గట్ల రాయాలెరా! పోయి ఆయన కాడ నేర్చుకో" అన్నాడు బావ. ఇక నావల్ల కాలేదు. నిజం చెప్పేద్దామని మున్షీ తాత ఇంటికి వెళ్ళాను. ఆయన వక్కలు కత్తిరించుకుంటున్నాడు.

"తాతా, గా ఉత్తరాలు రాసింది నేను."

"ఎర్కే."

"ఎట్ల ఎర్క?"

"మీ బావ మీద గంత కుళ్ళు ఊర్ల ఇంకెవరికున్నది?" అని నవ్వాడు. "గని బేటా, చెరువు గురించి నువ్వు రాసిందంత తప్పే. తూము యాడున్నదో గూడ నీకు ఎర్కలేదు. రేపు పొద్దుగాల రా, చూపిస్త."

వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. ఏడాది పాటు ఆయన వెనక కట్ట మీద తిరిగాను. తూము దగ్గర నీళ్ళు వదిలేవాళ్ళను, చేపలు పట్టేవాళ్ళను, కింది మళ్ళ రైతులను అడిగి రాసుకున్నాను. ఎవరి మీదా కోపం లేకుండా రాస్తే చేతికి ఇంత హాయిగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. ఆ ధ్యాసలో పడి పత్రిక వచ్చే సాయంత్రాలు కూడా మరిచిపోయాను. అలా మా చెరువు మీద చిన్న పుస్తకం తయారైంది, నా సొంత పేరుతో. మొదటి ప్రతి తీసుకెళ్ళి బావ చేతిలో పెట్టాను.

ఆయన లేవకుండా ఆసాంతం చదివాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. పుస్తకం మూసి, "మంచిగనే రాసినవ్‌రా. గని మున్షీ తాత ఉత్తరాల లెక్క లేదు. గా ఊపు నీకు రాదు" అన్నాడు.

ఆ ఉత్తరాలు నావేనన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆ తర్వాత హయత్‌నగర్ మీదా, అబ్దుల్లాపూర్‌మెట్ మీదా, చుట్టుపక్కల ఊళ్ళ మీదా పుస్తకాలు రాస్తూ జీవితం తృప్తిగా గడిపాను. ఇప్పుడు బావా లేడు, మున్షీ తాతా లేడు. మొన్న పాత పెట్టె సర్దుతుంటే ఆ ఐదు ఉత్తరాలూ అచ్చయిన పత్రికలు దొరికాయి. నా పుస్తకం పక్కన పెట్టుకుని చదివాను. బావ అన్నది నిజమే. ఒక్క మాట సరైంది లేదు గానీ, ఆ కుళ్ళుబోతు వెధవ నాకంటే బాగా రాశాడు.