హల్వా రుచి చూడటం మానేశాక

బందరులో మాది హల్వా దుకాణం. నాన్న తర్వాత బాణలి దగ్గర గరిటె నేనే పట్టాను. మందూ సిగరెట్టూ ముట్టనివాణ్ణి. అందుకే కుడి డొక్కలో బరువుగా ఉందని గుడివాడలో స్కాన్ తీయించుకుంటే, లివర్‌కి కొవ్వు బాగా పట్టేసిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు నమ్మలేదు.

"తాగే అలవాటుందా?"

"కాఫీ తప్ప ఏమీ లేదండీ."

"ఏం చేస్తుంటారు?"

"హల్వా దుకాణం అండీ."

ఆవిడ నవ్వాపుకున్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. "కొవ్వుతో ఆగలేదండీ, లివర్ గట్టిపడటం మొదలైంది. భయపడకండి, ఇంకా వెనక్కి తిప్పుకోవచ్చు. తీపి మానాలి, అన్నం సగం చెయ్యాలి, రోజూ నడవాలి. బరువు మెల్లగా తగ్గాలి."

అవనిగడ్డ నుంచి మా బావమరిది సీసా నిండా ఆకుపసరు తెచ్చాడు. "పరగడుపున తాగు బావా, లివర్ కడిగినట్టవుతుంది" అన్నాడు. తాగేముందు డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "ఆ పసరు అరిగించాల్సింది కూడా ఆ లివరే కదండీ, వద్దు" అన్నారు. సీసా అలాగే ఉండిపోయింది.

అన్నం తగ్గించడం కష్టమైంది గానీ, అసలు బెంగ అది కాదు. రుచి చూడకుండా హల్వా ఎలా దించాలి? ఆ మాటే అంటే నా భార్య అడిగింది:

"పాకం వేళ్ళతోనే కదండీ చూస్తారు? మరి నోట్లో ఎందుకు వేసుకుంటారు?"

మర్నాటి నుంచి తనే బాణలి దగ్గరికి వచ్చింది. శనగగింజంత ముద్ద నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"తీపి మొహం మొత్తేస్తోంది. యాలకులు కూడా ఎక్కువే."

"ఇన్నేళ్ళుగా ఇంతేనే!"

"ఇన్నేళ్ళుగా రోజంతా తీపి తింటూ ఉంటే నాలుక మొద్దుబారదా మరి?"

కోపం వచ్చింది. అయినా ఓ వాయి తను చెప్పినట్టే బెల్లం తగ్గించి దించాను. వారం తిరక్కుండా, నాన్న కాలం నుంచీ కొంటున్న రిటైర్డు మాస్టారు ఒకాయన మళ్ళీ వచ్చి, "ఏమయ్యా, మళ్ళీ మీ నాన్నగారి చేతి రుచి తగిలింది" అన్నారు. పొట్లం కడుతూ నా భార్య వైపు చూశాను. తను చిల్లర లెక్కపెడుతున్నట్టు నటించింది.

ఇప్పుడు మధ్యాహ్నం కప్పుడు అన్నం, పప్పు, కంచం నిండా కూర. సాయంత్రం ఇద్దరం నడకకి వెళ్తున్నాం. మొన్న మళ్ళీ గుడివాడ వెళ్తే స్కాన్ చూసి డాక్టరమ్మ సంతోషించారు. కొవ్వు చాలావరకు తగ్గింది, గట్టిదనం కూడా తగ్గుతోంది. పరీక్షలు మాత్రం మానొద్దన్నారు. తిరుగు బస్సులో నా భార్య కిటికీ పక్కన కూర్చుని, దసరాకి జీడిపప్పు ఎంత తెప్పించాలో చెబుతూనే ఉంది. నేను ఊఁ కొడుతూ, వదులైన బెల్టు ఇంకో రంధ్రం లోపలికి బిగించుకున్నాను.